నిన్న ఆరు, ఇవాళ ఒకటి

మా పాప ఇప్పుడు బాగుంది. పదో నెల నడుస్తోంది. మంచం పట్టుకుని నిలబడి, అందిన దుప్పటినల్లా కిందకి లాగుతోంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. మామూలుగా నేను ఏదీ ముందు చెప్పేదాన్ని కాదు. మండపేటలో కిరాణా కొట్టు వెనకింట్లో పుట్టి పెరిగాను. అసలు మాట చివరిదాకా దాచుకోవడం నాకు ఉగ్గుపాలతో వచ్చింది. కానీ పసిపిల్లల జబ్బు గురించి చదువుతున్న తల్లిని ఆఖరి వాక్యం దాకా ఊపిరి బిగబట్టించడం పాపం. పాపాలు నాకిప్పటికే చాలినన్ని ఉన్నాయి.

మీలో కొత్తగా తల్లులైనవాళ్లు, నాలాగే "నేను కంగారు పడను, అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను" అనుకునేవాళ్లు ఉంటే, వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా కోసం కూడా రాస్తున్నాను. ఎవరి కోసం ఎక్కువో నాకే తెలియదు.

బుట్ట

పాపకి మూడో నెలలో రెండుసార్లు పాలు కక్కితే నేను ఇల్లు పీకి పందిరేశాను. మాది రావులపాలెం. మా ఆయనకి మెయిన్ రోడ్డు మీద ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. ఆయన కొట్టు మూసుకుని రాజమండ్రి తీసుకెళ్లారు. అక్కడ రెండు రోజులు ఉంచారు. పరీక్షకి రక్తం తీయడానికి నరం దొరక్క నాలుగు చోట్ల గుచ్చారు. పాప అరుపు ఇంకా నా చెవిలో ఉంది. తీరా చూస్తే ఏమీ లేదు, ఆకలికి మించి తాగింది, అంతే. ఆ తర్వాత చుట్టాల్లో నాకు మంచి పేరే వచ్చింది. పాప తుమ్మితే చాలు, "ఏమ్మా సుజాతా, అంబులెన్సు వచ్చిందా?" అని అడిగేవారు.

ఇక కంగారు పడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఒక ప్లాస్టిక్ బుట్ట కొని అందులో థర్మామీటరు, జ్వరం మందు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, డైపర్లు, రెండు జతల బట్టలు, పాత చీటీల ఫైలు, ఫోన్ ఛార్జరు సర్దాను. థర్మామీటరు దగ్గర మందుల షాపతనితో అరగంట బేరమాడాను. "ఎమ్మార్పీ అండి," అన్నాడు. "అంతకంటే ఎక్కువకి అమ్మకూడదని రాశారు గానీ, తక్కువకి అమ్మకూడదని ఎక్కడ రాశారండి?" అన్నాను. వెనక నిలబడినవాళ్లు నవ్వారు. నేను గెలిచాను.

ఆ రోజుల్లో నా నిబ్బరం చూసి నాకే ముచ్చటగా ఉండేది. ఇప్పుడాలోచిస్తే అది నిబ్బరం కాదు. చీరల కొట్లో తెగ నచ్చేసిన చీర ముందు ఏమాత్రం నచ్చనట్టు కూర్చుంటామే, ఆ మొహం. నాకు తెలిసిన ప్రశాంతత అదొక్కటే. అవసరం ఉన్నట్టు బయటపడ్డామా, ధర పెరుగుతుంది. పసిపిల్లని పెంచడానికి కూడా అదే మొహం సరిపోతుందనుకున్నాను.

ఇంకో విషయం చెప్పకపోతే ముందు జరగబోయేది మీకు అర్థం కాదు. మా అమ్మ నోట ఏడు అనే అంకె రాదు. పాతకాలం కొట్లలో సరుకు కొలిచేటప్పుడు ఒకటి అనేవారు కాదు, "లాభం" అని మొదలుపెట్టేవారు. ఆరు తర్వాత ఏడు అనేవారు కాదు. ఏడు అంటే ఎదుటివాణ్ణి ఏడవమన్నట్టేనని, "ఆరూ ఒకటి" అనేవారు. ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాక ఆ అలవాటు అందరికీ పోయింది, మా అమ్మకి పోలేదు. పాపకి ఏడో నెల వచ్చినప్పుడు పక్కింటావిడ అడిగితే "ఆరు వెళ్లి ఒకటండి" అంది. ఆవిడ పాపకి రెండు పుట్టినరోజులున్నాయేమో అన్నట్టు చూసింది. మేం వారం రోజులు నవ్వుకున్నాం.

సోమవారం

ఎనిమిదో నెలలో ఒక సోమవారం పొద్దున్నే పాపకి మోషన్స్ మొదలయ్యాయి. అమ్మ అప్పటికి పది రోజులుగా మా ఇంట్లోనే ఉంది. సాయంత్రానికి నాలుగు. ఒక వాంతి. మా ఆయన కొట్టునుంచి ఫోన్ చేశారు.

"రాజమండ్రి వెళ్దామా?"

"ఎందుకండీ? పళ్లొస్తున్నాయి. మళ్లీ వెళ్తే మళ్లీ గుచ్చుతారు."

"నీకు ధైర్యం బాగానే వచ్చిందే!" అన్నారు. మెచ్చుకున్నారనుకున్నాను.

మంగళవారం పొద్దున్న

పది గంటలకల్లా అమ్మ వేళ్లు ముడిచి చూపించింది. తెల్లారినప్పటినుంచి ఆరూ ఒకటి. వాంతులు మూడు. ఇద్దరం ఆటో ఎక్కి ఊరి చివర క్లినిక్‌కి వెళ్లాం. ఎప్పుడూ చూసే డాక్టరుగారు ఊళ్లో లేరు. ఆయన బదులు ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు. ఇటువైపు మనిషి కాదని మాటలోనే తెలుస్తోంది. మర్యాదగా ఉన్నాడు, చేతులు కడుక్కుని మరీ పాపని ముట్టుకున్నాడు. హాల్లో ఎవరి పిల్లాడో గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"మోషన్స్ ఎక్కువగా అవుతుంటే ఇక్కడ లాభం లేదమ్మా. రాజమండ్రిలో అడ్మిట్ చేసి సెలైన్ పెట్టాల్సి వస్తుంది," అన్నాడు. తర్వాత అడిగాడు. "ఎన్నిసార్లు? నిన్నా, ఇవాళా?"

అమ్మ నోటికి ముందు ఇవాళ్టి లెక్కే వచ్చింది.

"ఆరూ ఒకటండి," అంది.

అప్పుడే పాప భళ్లున వాంతి చేసుకుంది. అమ్మ అటు తిరిగి కొంగుతో తుడుస్తూ కూర్చుంది. డాక్టరు రాసుకుంటూ అన్నాడు.

"నిన్న ఆరు, ఇవాళ ఒకటి. తగ్గుముఖం పట్టిందన్నమాట. అంతేనా అమ్మా?"

అంతేనా అని నన్నే అడిగాడు. నాకు చక్కగా వినిపించింది, అర్థమైంది కూడా. ఆయన ఎక్కడ పొరబడ్డాడో, ఎందుకు పొరబడ్డాడో లోకంలో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మా కొట్లో ఒక తల ఊపుడు ఉంది. అది అవునూ కాదు, కాదూ కాదు. ఎదుటివాడు మనకి అనుకూలంగా పొరబడినప్పుడు వాడే తేల్చుకోనీ అని ఊపే ఊపు. నాన్న ఊపేవారు, తాతయ్య ఊపేవారు. ఆ ఊపు నాకు తెలియకుండానే వచ్చేసింది. ఇలా రాస్తే బాగుంటుంది గానీ, నిజం కాదు. తెలిసే వచ్చింది. నా కళ్లముందు నాలుగు సూదులు, పాప చెయ్యి, "అంబులెన్సు వచ్చిందా" అనే నవ్వులు కనబడ్డాయి. వీటన్నిటినుంచీ తప్పించుకునే దారి ఆయనే చూపించాడు, నేను కాదనలేదు.

మందు రాసి పంపించాడు. "నీరసంగా ఉన్నా, ఒంటేలు పోయకపోయినా వెంటనే తీసుకురండి," అన్నాడు. బయటికొచ్చాక ఆటోవాడితో బేరమాడానని గుర్తుంది. అంత తేలిగ్గా ఉన్నాను.

మంగళవారం మధ్యాహ్నం

ఇంటికొచ్చాక మరో మూడుసార్లు అయింది. చెంచాతో ఓఆర్ఎస్ పోస్తే పోసినంతా కక్కేసింది. రెండింటికి పాప ఏడుపు సన్నబడింది.

"ఏమే, పిల్ల ఏడుస్తోంది గానీ కన్నీళ్లు రావట్లేదే," అంది అమ్మ.

"అలిసిపోయిందమ్మా. పడుకోనీ."

"పొద్దున్నుంచి ఒంటేలుతో డైపరు తడవలేదు."

"తగ్గుతోందని డాక్టరు చెప్పాడుగా!"

రాస్తుంటే చెయ్యి ఆగిపోయే చోటు ఇదే. ఆయన ఆ మాట అన్నది నేను ఊపిన తల చూసి. ఆ మాటనే తెచ్చి మా అమ్మ నోరు మూయించాను. ఇంకా ఘోరం ఏమిటంటే, నేను కూడా నమ్మేశాను. అప్పుడు నన్నెవరైనా నిద్రలో లేపి అడిగినా ఇవాళ ఒకటే అని చెప్పేదాన్నేమో.

మా ఆయన భోజనానికి వచ్చారు. చెప్పులు విప్పకుండానే ఆగిపోయారు. పాప కళ్లు గుంటలు పడి ఉన్నాయి. మాడు మీద మెత్తని చోటు లోపలికి పోయింది. ఆయన పాపని ఎత్తుకుని కారు దగ్గరికి నడిచారు. నేను బుట్ట పట్టుకుని వెనక పరిగెత్తాను. అంత బాగా సర్దిన బుట్టలో ఆ నిమిషానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

జొన్నాడ బ్రిడ్జి మీద లారీల వెనక పడ్డాం. పాప నా ఒళ్లో గుడ్డ పీలికలా ఉంది. కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకున్నాను. "స్వామీ, పాప బాగుంటే ఒకసారి కొండెక్కుతా," అన్నాను. వేమగిరి వచ్చేసరికి "పాపనెత్తుకుని ఎక్కుతా" అయింది. ఊళ్లోకి వచ్చేసరికి "ఏటా ఎక్కుతా". దేవుడితో కూడా తక్కువ దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచుతున్నానని తెలిసినప్పుడు, నాకు నా మీద మొట్టమొదటిసారి నిజంగా అసహ్యం వేసింది.

పిల్లల ఆస్పత్రిలో పాపని చేతుల్లోంచి లాక్కున్నంత పని చేశారు. డాక్టరమ్మ మధ్యవయసు మనిషి. గొంతు పెంచకుండా గబగబా పనులు చెబుతోంది. సెలైన్ ఎక్కడం మొదలయ్యాక మా దగ్గరకొచ్చి, పొద్దున్న చీటీ చేతిలోకి తీసుకుంది.

"ఇందులో నిన్న ఆరు, ఇవాళ ఒకటి అనుంది. తగ్గుతోందని చెప్పారా మీరు?"

"లేదండి," అంది అమ్మ. "నిన్న నాలుగండి. ఇవాళ పొద్దున్నుంచి ఆరూ ఒకటి అని చెప్పాను."

"అదే కదమ్మా ఆయన రాసింది. ఆరు, ఒకటి."

అమ్మ చీటీ వైపు వంగి చూసింది. తర్వాత చాలా చిన్నగా అంది.

"ఏడండీ. ఏడని అర్థం. మేం ఆ మాట అనమండి."

మా ఆయన పెళ్లయినప్పటినుంచి అమ్మతో గొంతు పెంచి మాట్లాడింది లేదు. ఆ రోజు పెంచారు.

"ఒక్క అంకె నోటితో అనలేక పిల్ల ప్రాణం మీదకి తెచ్చారు కదండీ అత్తయ్యగారూ!"

అమ్మ తన నోటి మీద తనే కొట్టుకుంది. ఒకసారి కాదు. "అవునండి అల్లుడుగారూ, నేనే, నా పాడు నోరే," అంటూ గోడకి చేరబడి కూలబడింది.

"అవన్నీ ఇప్పుడొద్దు. పాపని చూద్దాం," అంది డాక్టరమ్మ.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం ఎవరికీ దొరకదు. తెరవలేదు. పొద్దున్న ఊరుకున్నది భయం అనుకోవచ్చు. ఇప్పుడు ఊరుకున్నదానికి నా దగ్గర పేరు లేదు.

బుధవారం, గురువారం

లోపల పాప దగ్గర ఒక్కరినే ఉండనిచ్చారు. మా పక్క మంచం మీద జంగారెడ్డిగూడెం నుంచి వచ్చిన ఒకావిడ కొడుకు ఉన్నాడు. ఆవిడ నన్ను చూసి, అడగకుండానే తన తడిగుడ్డ తెచ్చి పాప పెదాలు అద్దింది. "చెంచా నిండా పోయకండి, అంచు తడిపినట్టు పొయ్యండి. నిమిషం ఆగి మళ్లీ," అని చేసి చూపించింది. ఆ తీరున పోస్తే పాప కక్కలేదు. నేను మళ్లీ మళ్లీ థాంక్స్ చెబుతుంటే ఆవిడ మొహమాటంగా అంది.

"మీ అమ్మగారు బయట కూర్చున్నారండి. వచ్చేపోయే ప్రతివాళ్లకీ చెబుతున్నారు, నా నోటి వల్లే నా మనవరాలికి ఇలా అయిందని. పాపం, టీ కూడా తాగట్లేదు. కాసేపు లోపలికి రమ్మనండి, నేను బయట కూర్చుంటాను."

బయటికెళ్లి రమ్మన్నాను. "వద్దే. నా చెయ్యి, నా నోరు రెండూ దాని దగ్గరికి రాకూడదు," అంది అమ్మ. ప్లాస్టిక్ కుర్చీ అంచున, బస్సు కోసం ఎదురుచూస్తున్నదానిలా కూర్చుని ఉంది. చెప్పేద్దామని పక్కన కూర్చున్నాను. "టీ తాగు," అన్నాను. అంతే అనగలిగాను.

బుధవారం మధ్యాహ్నం పాప డైపరు తడిసింది. నర్సమ్మ నవ్వుతూ చూపించింది. గురువారం నా లోలాకు పట్టుకుని లాగింది, చెవి తెగేంత నొప్పి. ఆ నొప్పి ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది. శుక్రవారం ఇంటికి పంపించారు. అమ్మ రావులపాలెంలో దిగి, ఇంట్లోకి రాకుండా సంచి తెప్పించుకుని అట్నుంచి అటే మండపేట బస్సెక్కింది. పాపని ముట్టుకోలేదు.

పద్దెనిమిది రోజుల తర్వాత

పాప కోలుకున్న కొద్దీ నాకు నిద్ర తగ్గింది. అమ్మ ఫోన్ చేయడం మానేసింది. నేను చేస్తే నాన్నే ఎత్తేవారు. ఒకరోజు ఆయన అన్నారు. "మీ అమ్మకేమైందే? కొట్లో ఎవరికి ఏమిచ్చినా ఏడు, ఏడు అని గట్టిగా అంటోంది. కొబ్బరికాయలు లెక్కపెడుతూ అక్కడ ఆగి రెండుసార్లు అంటోంది. వచ్చినవాళ్లు విడ్డూరంగా చూస్తున్నారు."

ఆ మర్నాడు పాపని మా ఆయన దగ్గర వదిలి బస్సెక్కాను. అమ్మ వెనకింట్లో చింతపండు గింజ తీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. బేరం మొదలుపెట్టేముందు వాతావరణం గురించి మాట్లాడటం మా అలవాటు. ఆ రోజు మాట్లాడలేదు.

"అమ్మా, డాక్టరు నిన్న ఆరు, ఇవాళ ఒకటా అన్నప్పుడు నాకు వినబడింది."

"వినబడితే?"

"ఊరుకున్నాను."

"అర్థం కాలేదా?"

"అయింది. అంతేనా అని నన్నడిగాడు కూడా. తల ఊపాను."

అమ్మ చేతిలో గింజ ఆగింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"సరే. సూదులకి భయపడ్డావు. భయంలో మనిషి ఏమైనా చేస్తుంది," అంది. "మరి ఆస్పత్రిలోనో? మీ ఆయన నన్ను అంత మాటంటుంటే? నేను నోరు కొట్టుకుంటుంటే?"

నేను చింతపండు ఒక రెబ్బ తీసుకుని గింజ తీయసాగాను.

"ఎన్ని రోజులైందే?"

"పద్దెనిమిది."

"లెక్కపెట్టుకున్నావన్నమాట," అంది.

ఆ మాట తర్వాత అమ్మ మళ్లీ చింతపండు వైపు తిరిగింది. నేను ఏదో మొదలుపెడితే, "బస్సు టైమవుతోంది, పిల్ల ఎదురుచూస్తుంటుంది," అంది.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. మర్నాడు కొట్టు తెరవకుండా మండపేట వెళ్లి అత్తగారి కాళ్లకి దణ్ణం పెట్టి వచ్చారు. వచ్చాక ఒక్క మాటన్నారు. "ఇకమీదట డాక్టరు దగ్గర నేను మాట్లాడతాను." నన్ను అంతకంటే గట్టిగా ఎవరూ కొట్టలేదు.

ఆ కుర్ర డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను. విని ఆయన తెల్లబోయాడు. "నేను ఇంకోసారి అడగాల్సిందండి," అన్నాడు.

"అడిగారండి," అన్నాను.

ఇప్పుడు

చిన్న పిల్లలతో రేపేమవుతుందో ఎవరికీ తెలియదు. పొద్దున్న ఆడుకున్న పిల్ల మధ్యాహ్నానికి వాలిపోతుంది. అందుకని బుట్ట సర్దుకోండి, తప్పు లేదు, నేను ఇప్పటికీ సర్దుతున్నాను. కానీ కంగారుగా కనబడకపోవడాన్ని ధైర్యం అనుకోకండి. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎక్కువ చెబితే నవ్వుతారని తగ్గించకండి. నవ్వనీయండి. ఎన్నిసార్లు, ఎప్పటినుంచి, ఒంటేలు ఎప్పుడు పోసింది, ఒక కాగితం మీద అంకెలు వేసి చేతికివ్వండి. చెప్పిందాన్ని ఆయన తిరిగి చెప్పినప్పుడు చెవులు అప్పగించి వినండి. తప్పుంటే "కాదండి" అనండి. ఆ రోజు నాకు కావలసింది ఆ ఒక్క మాట. అది నోట్లోనే ఉంది.

ఒకవేళ మీరూ అప్పటికే ఊరుకుని ఉంటే, మీ బదులు ఇంకెవరో తల దించుకుని కూర్చుని ఉంటే, త్వరగా చెప్పేయండి. పిల్లలు కోలుకున్నంత తొందరగా పెద్దవాళ్లు కోలుకోరు.

అమ్మ వారం నుంచి మళ్లీ ఫోన్ చేస్తోంది. సాయంత్రం కొట్లో రద్దీ తగ్గాక చేస్తుంది. "పిల్ల తిందా?" అంటుంది. "తింది," అంటాను. "ఫోను దాని చెవి దగ్గర పెట్టు," అంటుంది. పెడతాను. ఇద్దరూ వాళ్ల భాషలో ఏవేవో మాట్లాడుకుంటారు. పాప నవ్వుతుంది, అటునుంచి అమ్మ నవ్వు కూడా వినబడుతుంది. నేను ఫోను తిరిగి తీసుకునేసరికి పెట్టేసి ఉంటుంది.

ఇంకెన్నాళ్లిలా అని నేను అడగలేదు. ఫోను పాప చెవి దగ్గర పట్టుకుంటున్నాను.